రెండు ప్యాటన్లు, ఒక జీపు



పోయిన రంజాన్‌కు ముందు నిజామాబాద్‌లోని మా పాత ఇంటికి సున్నం వేయిద్దామని సామానంతా వాకిట్లోకి తీశాం. దాదీ జహేజ్‌లో తెచ్చుకున్న ఇనుప సందూక్ అడుగున, అమ్మీ పాత బురఖాల కింద ఒక అట్టపెట్టె దొరికింది. దుమ్ము తుడిస్తే మూత మీద తస్వీర్ ఇంకా రంగు పోకుండా ఉంది. ఆకుపచ్చ టాంకు. దాని పక్కన ఎర్ర నక్షత్రం ఒకటి, నీలి నక్షత్రం ఒకటి. జపాన్ టామియా కంపెనీ గుర్తు అది.

"అబ్బూ, యే కిస్కా టాంక్ హై?" అని అడిగింది నా బిడ్డ.

పన్నెండేళ్ల పిల్ల మామూలుగా అడిగిన సవాల్ అది. కానీ ఇదే మాట ముప్పై ఏళ్ల కింద మా ఇంట్లో ఇంకోలా పడింది. అందుకే జవాబ్ చెప్పడానికి టైం పట్టింది. ఆ జవాబ్ కోసమే ఈ వ్యాసం.

చాచా తెచ్చిన పెట్టె

మా చాచా జిద్దాలో డ్రైవర్. రెండేళ్లకొకసారి వచ్చేవాడు. అందరి చాచాల్లాగే జాయ్‌నమాజ్, ఖజూర్, అత్తర్ సీసాలు, టేప్ రికార్డర్ తెచ్చేవాడు. 1989లో వచ్చినప్పుడు మాత్రం నా చేతిలో ఈ పెట్టె పెట్టాడు. అప్పుడు నాకు పదకొండేళ్లు. పెట్టె మీద "ఎం48ఏ3 ప్యాటన్" అని ఉంది.

ప్యాటన్ అనే పేరు నాకు అప్పటికే తెలుసు. అంతకు ముందు ఏడాదే దూరదర్శన్‌లో 'పరమ్ వీర్ చక్ర' సీరియల్ వచ్చింది. చేతన్ ఆనంద్ తీసింది. అందులో అబ్దుల్ హమీద్‌గా నసీరుద్దీన్ షా. మా గల్లీలో ఒక్క ఇంట్లోనే టీవీ. ఆ రాత్రి ఆ ఇంటి వరండాలో కూర్చున్నవాళ్లలో మా అబ్బా కూడా ఉన్నాడు. అబ్బా దర్జీ. అబ్దుల్ హమీద్ వాలిద్ కూడా దర్జీయేనని తెలిసిన రోజు నుంచి ఆయనకు అదొక ఫఖర్. దుకాణంలో కాజాలు కుడుతూ, వచ్చిన గిరాకీకల్లా "వో భీ దర్జీ కా బేటా థా" అనేవాడు.

అందుకే ఆ టాంకును అబ్బా, నేను కలిసి బిగించాం. పెట్టెలో జిగురు లేదు. సైకిల్ పంక్చర్ సొల్యూషన్‌తో అతికిస్తే తెల్లారేసరికి ఊడిపోయింది. ఫెవిక్విక్ పెడితే వేళ్లు అంటుకున్నాయి. టాంకు పట్టా మెత్తటి వినైల్ ముక్క. స్క్రూడ్రైవర్ వేడిచేసి దాని కొసలు కరిగించి కలపాలని కాగితం మీద బొమ్మ ఉంది. కిరసనాయిల్ స్టవ్ మీద స్క్రూడ్రైవర్ ఎర్రగా కాల్చి పెట్టేసరికి ఒక పట్టా కొస కాలి ముడుచుకుపోయింది. నేను ఏడుపు మొదలుపెడితే, అబ్బా నల్లదారం, సన్నసూది తీసి ఆ రెండు కొసలను కుట్టేశాడు. షేర్వానీకి కుట్టినంత శ్రద్ధగా కుట్టాడు.

మూడేళ్లు ఆ టాంకు మా అల్మారా మీద ఉంది. 1992 మార్చి 25న పాకిస్తాన్ వరల్డ్ కప్ గెలిచింది. ఆ సాయంత్రం బట్టలు తీసుకుపోను వచ్చిన ఒక పెద్దమనిషి, మాకు బాగా తెలిసినవాడే, టాంకు చూసి నవ్వుతూ అన్నాడు: "ఏం మాస్టరూ, మీ టాంకును బాగనే ముస్తాబు చేసుకున్నరు."

మీ టాంకు. అంతే అన్నాడు. అబ్బా కూడా నవ్వాడు, చాయ్ తెప్పించాడు. రాత్రి ఇషా నమాజ్ తర్వాత టాంకును మళ్లీ పెట్టెలో సర్ది సందూక్‌లో పెట్టి తాళం వేశాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. అబ్బా ఇంతకాలం బతికి ఉంటే ఇప్పుడైనా అడిగేవాణ్నేమో.

ఈ ఆటవస్తువుల తారీఖ్

నేను పత్రికలో చేరాక, జీతం చేతికొచ్చాక, ఈ షౌక్ మళ్లీ పట్టుకుంది. కిట్లు కొనడం తక్కువ, వాటి గురించి చదవడం ఎక్కువ. చదివేకొద్దీ ఇదొక పెద్ద కిస్సా అని అర్థమైంది.

ప్లాస్టిక్ కిట్లను ఇంటింటికీ చేర్చినవాళ్లలో ఇంగ్లండ్ ఎయిర్‌ఫిక్స్ కంపెనీ ముందుంటుంది. దాన్ని 1939లో పెట్టినవాడు నికోలస్ కోవ్, హంగేరీ నుంచి వచ్చిన యూదుడు. మొదట్లో వాళ్లు గాలి నింపిన బొమ్మలు, తర్వాత దువ్వెనలు చేసేవారు. 1961లో ఎయిర్‌ఫిక్స్ చిన్న టాంకులు తెచ్చింది: ప్యాంథర్, షెర్మన్, చర్చిల్. అసలు బండిలో 76వ వంతు సైజు. ఆ దేశంలో పిల్లలు ఆడుకునే బొమ్మ రైళ్ల సైజుకు దగ్గరగా ఉంటుందని ఆ లెక్క. అరచేతిలో ఇమిడేవి, చౌకగా దొరికేవి. బ్రిటన్‌లో ఒక తరం మొత్తం జేబుఖర్చుతో కొన్నది వాటినే.

జపాన్ కథ వేరు. షిజువోకా అనే ఊరు 1945 జూన్‌లో అమెరికా విమానాల బాంబులకు తగలబడింది. మరుసటి ఏడాది అదే ఊళ్లో టామియా కుటుంబం కట్టెకోత మిల్లు పెట్టింది. 1951లో అగ్నిప్రమాదంలో కలప కాలిపోయింది. ఆ నష్టం తర్వాత మెల్లగా కలప వ్యాపారం వదిలి చెక్క బొమ్మల కిట్ల మీదికి మళ్లారు. కాలం ప్లాస్టిక్ వైపు తిరిగింది. 1960లో యమాటో యుద్ధనౌకను ప్లాస్టిక్‌లో చేశారు. పోటీ కంపెనీ ముందు అది నిలబడలేదు. 1961లో జర్మన్ ప్యాంథర్ టాంకు చేశారు. అది నిలబడింది, కంపెనీని నిలబెట్టింది.

ఈ ప్యాంథర్ దగ్గరే ఒక మజా సంగతి ఉంది. ఇవాళ ప్రపంచమంతా సైనిక వాహనాల కిట్లకు 1:35 కొలతే ప్రామాణికం. అసలు టాంకు ఏడు మీటర్లుంటే బొమ్మ 20 సెంటీమీటర్లు. ఈ 35 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, పెద్ద ఇంజనీరింగ్ హిసాబ్ ఏదో ఉంటుందనుకుంటాం. ఏమీ లేదు. ఆ టాంకులో మోటారు పెట్టి నడిపించాలి. దానికి రెండు బ్యాటరీలు కావాలి. ఆ బ్యాటరీలు పట్టేంత పొట్ట కావాలి. ఆ పొట్టను బట్టి లెక్క చూస్తే సుమారు 35వ వంతు అయింది. అంతే. టాంకును బట్టి బ్యాటరీ కాదు, బ్యాటరీని బట్టి టాంకు!

ఆ ప్యాంథర్ పెట్టె మీద బొమ్మ వేసింది షిగెరు కొమత్సుజాకి. అప్పటికే జపాన్ పిల్లల పత్రికల్లో పేరున్న చిత్రకారుడు. బజారులో పిల్లవాణ్ని ఆపింది ముందుగా ఆ తస్వీరే. 1968లో టామియా 'మిలిటరీ మినియేచర్' సిరీస్ మొదలుపెట్టింది. టాంకులతో పాటు సిపాయిలు, జీపులు, ఫిరంగులు వచ్చాయి. ఇక అది పిల్లల ఆట ఒక్కటే కాదు, పెద్దల షౌక్ కూడా అయింది. కంపెనీని ఇంత దూరం నడిపించిన షున్సాకు టామియా 2025 జూలైలో, 90 ఏళ్ల వయసులో చనిపోయాడు. కొలతల కోసం దేశదేశాల టాంకు మ్యూజియాలు తిరిగి వేల ఫొటోలు తీసిన మనిషి ఆయన.

పాత అచ్చు, కొత్త అచ్చు

పాత కిట్ ఎలా తయారయ్యేది? ముందు నక్ష గీసేవారు. తర్వాత కారీగర్లు కిట్ కంటే పెద్ద సైజులో చెక్కతో నమూనా చెక్కేవారు. పాంటోగ్రాఫ్ అనే యంత్రం ఒక కొసతో ఆ నమూనాను తడుముతుంటే, రెండో కొస అదే ఆకారాన్ని చిన్నదిగా ఉక్కు అచ్చులోకి దించేది. ఆ అచ్చులోకి కరిగిన పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను ఒత్తిడితో పంపేవారు. చల్లారాక అచ్చు రెండు చెక్కలుగా విడిపోతుంది. అందుకే పాత కిట్లలో ఫిరంగి గొట్టం కూడా రెండు చీలికలుగా వచ్చేది. అతికించాక మధ్య గీత కనపడకుండా ఉప్పుకాగితంతో రుద్దాలి. రుద్దితే గుండ్రదనం పోతుంది, రుద్దకపోతే గీత మిగులుతుంది.

ఇంకో సంగతి. చాలా పాత కిట్ల అడుగున అర్థం కాని బెజ్జాలుంటాయి. అవి మోటారు స్విచ్చు కోసం, ఇరుసుల కోసం పెట్టినవి. మోటారు తీసేసి అమ్మినా బెజ్జాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. కొన్ని టాంకుల పొట్ట అసలు కంటే లావుగా ఉండేది కూడా బ్యాటరీల కోసమే.

రష్యా టాంకుల విషయంలో తప్పులు ఇంకా ఎక్కువ. దానికి కారణం కారీగర్ల చేతులు కాదు, ఆ కాలమే. సర్ద్ జంగ్ రోజుల్లో కొత్త సోవియట్ టాంకు పక్కన టేపు పట్టుకుని ఎవడు నిలబడగలడు? మాస్కో పరేడ్ ఫొటోలు చూసి అందాజాగా గీయాల్సిందే. 1991 తర్వాత కుబింకా లాంటి మ్యూజియాల తలుపులు తెరుచుకున్నాకే కొలతలు సరిగ్గా దొరికాయి. రెండో వైపు భయం కూడా ఉండేది. 1961లో రెవెల్ కంపెనీ అమెరికా అణు జలాంతర్గామి కిట్ తెస్తే, అడ్మిరల్ రికోవర్ మండిపడ్డాడు. కొన్ని డాలర్లకే శత్రువు చేతిలో రహస్యాలు పెట్టారని ఆయన గొడవ. ఆటబొమ్మను చూసి ఫౌజ్ ఉలిక్కిపడ్డ జమానా అది.

ఇప్పుడు నక్ష కంప్యూటర్‌లో పుడుతుంది. మ్యూజియంలో ఉన్న బండిని లేజర్‌తో స్కాన్ చేస్తారు. అచ్చుకు పక్కల నుంచి జారే ముక్కలు అమర్చడంతో ఫిరంగి గొట్టం ఒకే ముక్కగా, మూతి దగ్గర నిజమైన బెజ్జంతో వస్తుంది. జల్లెడ లాంటి సన్నటి భాగాల కోసం కాగితమంత పల్చని ఇత్తడి రేకు ఇస్తారు. మెత్తటి పట్టాకు బదులు ఒక్కో లింకు విడిగా కలిపే పట్టాలు, లేదా మామూలు జిగురుకే అతికే పట్టాలు వచ్చాయి. హాంగ్‌కాంగ్ డ్రాగన్, చైనా ట్రంపెటర్, మెంగ్, తైవాన్ ఏఎఫ్‌వీ క్లబ్, ఉక్రెయిన్ మినీఆర్ట్ లాంటి కంపెనీలు వచ్చాక ఈ బారీకీ పోటీగా మారింది. కీవ్‌లో ఉన్న మినీఆర్ట్, ఐసీఎం వాళ్లు 2022 నుంచి నిజమైన టాంకుల మధ్యే బొమ్మ టాంకులు చేస్తున్నారు.

కొనేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఉక్కు అచ్చు చేయడం ఖర్చుతో కూడిన పని. ఒకసారి చేస్తే దశాబ్దాలు వాడతారు. అందుకే కొత్త పెట్టె, కొత్త తస్వీర్, లోపల నలభై ఏళ్ల పాత అచ్చు ఉండటం ఈ బజారులో మామూలే. పిల్లలకు కొనిచ్చే ముందు అచ్చు ఏ ఏడాదిదో చూసుకోండి. పాతదైతే చెడ్డదని కాదు. పదేళ్ల పిల్లవాడికి ముక్కలు తక్కువగా, లావుగా ఉన్న పాత కిట్టే మంచిది. వందల ముక్కల కొత్త కిట్ ఇస్తే రెండో రోజుకు మంచం కిందికి పోతుంది.

దస్తర్‌ఖాన్ మీద రెండు టాంకులు

సందూక్‌లో పాత ప్యాటన్ దొరికాక నాకు జిద్దు పుట్టింది. డ్రాగన్ వాళ్ల కొత్త ఎం48 తెప్పించాను. ధర ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా చెప్పను. ఒక ఆదివారం నేను, నా బిడ్డ పాత దస్తర్‌ఖాన్ పరిచి రెండింటినీ పక్కపక్కన పెట్టాం.

పాతదాని పరిస్థితి ఇదీ: వినైల్ పట్టాలో ఉండే నూనె ఇన్నేళ్లలో చక్రాల ప్లాస్టిక్‌ను తినేసింది. పట్టా ఎక్కడ ఆనిందో అక్కడ చక్రం కరిగి పళ్ల గుర్తులు పడ్డాయి. పట్టా మాత్రం ఎండి, ముట్టుకుంటే మూడు చోట్ల విరిగింది. అతికించకుండా మిగిలిపోయిన స్టిక్కర్లు పసుపు రంగుకు తిరిగాయి. వాటిని కిటికీ అద్దానికి అంటించి కొన్ని రోజులు ఎండలో ఉంచితే మళ్లీ తెల్లబడతాయి. ఈ చిట్కా పనిచేస్తుంది, నేను చేసి చూశాను.

కొత్తదాని పెట్టె తెరిస్తే ముక్కలే ముక్కలు. నా బిడ్డ గోరంత ఇత్తడి ముక్కను పట్టకారుతో ఎత్తి, "అబ్బూ, ఇది పోతే ఎట్లా?" అంది. పోయింది. గంటసేపు వెతికాం.

అయితే అసలు తేడా ముక్కల లెక్కలో లేదు. కొత్త కిట్ల పుణ్యాన నాకు ఒక హకీకత్ తెలిసింది. ముప్పై ఏళ్లు అబ్దుల్ హమీద్ కొట్టిన టాంకు మా ఇంట్లో ఉందనుకున్నాను. అది నిజం కాదు. మా పెట్టెలో ఉన్నది ఎం48ఏ3, డీజిల్ ఇంజన్‌ది. అమెరికా దాన్ని వియత్నాంలో తిప్పింది. 1965లో పాకిస్తాన్ దగ్గరున్నవి ఎం47లు, పెట్రోల్‌తో నడిచే పాత రకం ఎం48లు. ఆ రోజుల్లో కిట్ కంపెనీలు ఒక టాంకుకు ఒకటో రెండో రకాలు చేసేవి. కొనేవాడు దాన్నే "ప్యాటన్" అనుకోవాలి. ఇప్పుడు ఏ1, ఏ3, ఏ5 అంటూ ఒక్కో రకానికీ ఒక్కో పెట్టె. ఎం47 కూడా విడిగా దొరుకుతుంది. పాత కిట్ పేరు మాత్రమే చెప్పేది. కొత్త కిట్ ఏ ఏడాది, ఏ ఫౌజ్, ఏ ఇంజన్ అని అడుగుతుంది. తారీఖ్ చదివే పద్ధతి కూడా ఇదే కదా.

అంటే ఆ పెద్దమనిషి అన్నట్టు అది మా టాంకూ కాదు, మేం అనుకున్నట్టు హమీద్ కొట్టిన టాంకూ కాదు. అబ్బా దాచిపెట్టింది ఒక అమెరికా టాంకును!

అసల్ ఉత్తర్

1965 సెప్టెంబర్. పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ అనే ఊరు. పాకిస్తాన్ ఫస్ట్ ఆర్మర్డ్ డివిజన్ ప్యాటన్లతో దూసుకొచ్చింది. మన ఫౌజ్ వెనక్కి తగ్గి, గుర్రపు నాడా ఆకారంలో కాపు కాసింది. కాలువకు గండి కొట్టి పొలాలు తడిపారు. మనిషి ఎత్తు చెరకు తోటల్లో, బురదలో, ఆ బరువైన ప్యాటన్లు కూరుకుపోయాయి. 8 నుంచి 10వ తేదీ దాకా జరిగిన ఆ లడాయిలో పాకిస్తాన్ పెద్ద సంఖ్యలో టాంకులు పోగొట్టుకుంది. పట్టుకున్న వాటిని ఒకచోట వరుసగా నిలబెడితే జనం దానికి 'ప్యాటన్ నగర్' అని పేరు పెట్టారు.

అక్కడ ఫోర్త్ గ్రెనేడియర్స్ పల్టన్‌లో కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ ఉన్నాడు. 1933లో ఉత్తరప్రదేశ్ ఘాజీపూర్ జిల్లా ధామూపూర్‌లో పుట్టాడు. ఆయన చేతిలో టాంకు లేదు. పైకప్పు లేని జీపు మీద బిగించిన 106 ఎంఎం రీకాయిల్‌లెస్ గన్ ఉంది. పేలిస్తే వెనక నుంచి మంట, దుమ్ము లేచి, దాక్కున్న చోటు శత్రువుకు తెలిసిపోతుంది. అందుకే కొట్టడం, వెంటనే చోటు మార్చడం, మళ్లీ కొట్టడం. అలా ఒకటి తర్వాత ఒకటి టాంకులను ఆపి, 10వ తేదీన షహీద్ అయ్యాడు. 32 ఏళ్లు. పరమ్ వీర్ చక్ర దక్కింది. ఆయన ఖబర్ అక్కడే ఉంది.

ఇదే లడాయిలో మన దక్కన్ పేరు కూడా ఉందని మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు. అసల్ ఉత్తర్‌లో పాత షెర్మన్ టాంకులతో ప్యాటన్లకు ఎదురు నిలిచిన రెజిమెంట్ డెక్కన్ హార్స్. దాని మూలం 1790లో నిజాం కోసం పెట్టిన గుర్రపు దళం. తర్వాత హైదరాబాద్ కంటింజెంట్‌లో భాగమైంది. 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర బల్లేలతో గుర్రాల మీద పోయింది. 1945లో బర్మాలో షెర్మన్ టాంకుల మీద పోయింది. 1965లో ఖేమ్‌కరణ్. నిజాం కాలపు పేరును మోసుకుంటూ, మన వతన్ కోసం. షెర్మన్ కిట్లు లెక్కలేనన్ని దొరుకుతాయి, పాతవీ కొత్తవీ. చాలావాటిలో స్టిక్కర్లు అమెరికావో, బ్రిటన్‌వో ఉంటాయి. మన గుర్తులు మనమే గీసుకోవాలి.

ఆ ఊరి పేరు చూడండి. 'అసల్' అరబీ నుంచి ఉర్దూలోకి వచ్చిన మాట, 'ఉత్తర్' సంస్కృతం. అసలైన జవాబ్ అని చెప్పుకుంటారు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటివాడికి ఆ పేరు వినగానే ఇల్లు యాదికొస్తుంది.

బారీకీ చెప్పనివి

ఇక కొత్త కిట్ల గురించి దిల్‌లో ఉన్న ఇంకో మాట. బారీకీ పెరిగింది, మేకులు లెక్కపెట్టినట్టు సరిగ్గా వస్తున్నాయి. దాంతో ఇన్సాఫ్ కూడా వస్తుందా?

దుకాణంలో అల్మారాలు చూస్తే సగం హిట్లర్ ఫౌజే. టైగర్, ప్యాంథర్, వాటి రకాలు, రకాల్లో రకాలు. జర్మనీలో స్వస్తిక్ గుర్తు చూపడం మీద చట్టం ఉంది కాబట్టి చాలా పెట్టెల మీద అది కనపడదు. గుర్తు తీసేసిన టాంకు శుభ్రంగా, అందంగా మెరుస్తుంది. అది ఏ ఊళ్ల మీదుగా పోయిందో పెట్టె చెప్పదు.

చైనా మెంగ్ కంపెనీది డీ9ఆర్ అని ఒక కిట్ ఉంది. ఇజ్రాయిల్ ఫౌజ్ వాడే కవచం తొడిగిన బుల్డోజర్. పనితనంలో దానికి వంక పెట్టలేం. బ్లేడు, గొట్టాలు, డ్రైవర్ క్యాబిన్ గాజు, అన్నీ ఉన్నాయి. 2003 మార్చిలో రఫాలో ఒక ఇల్లు కూల్చకుండా అడ్డం నిలబడిన అమెరికా అమ్మాయి రేచల్ కోరీ, 23 ఏళ్ల పిల్ల, ఈ డీ9 బండి కిందే చనిపోయింది. ఆ పెట్టెను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. కొన్నవాళ్లను తప్పుపట్టను, వాళ్ల హునర్‌ను ఇజ్జత్‌తో చూస్తాను. నాకు మాత్రం ఆ బ్లేడు ముందు నిలబడిన ఇల్లు లేకుండా ఆ బండి అధూరాగా కనిపించింది.

మన హైదరాబాద్‌దీ అదే కథ. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగినప్పుడు నిజాం ఫౌజ్‌లోని హైదరాబాద్ లాన్సర్ల దగ్గర హంబర్, స్టాగ్‌హౌండ్ అనే ఆర్మర్డ్ కార్లుండేవి. విజయవాడ వైపు నుంచి వచ్చిన భారత సేనను కోదాడ దారిలో ఎదుర్కొన్నవి అవే. నాలుగైదు రోజుల్లో అంతా ఖతం. మా దాదీ ఆ రోజుల గురించి "లోహే కీ గాడియాఁ" అని మాత్రం చెప్పేది. ఏ ఫౌజ్ గాడీలో, టాంకులో కార్లో ఆమెకు తెలియదు. మగవాళ్లు ఇల్లు వదిలి ఎక్కడ దాక్కున్నారో, ఎవరు తిరిగి రాలేదో అది తెలుసు. ఇప్పుడు బ్రాంకో అనే కంపెనీ హంబర్, స్టాగ్‌హౌండ్ రెండూ 1:35లో చేసింది. మంచి కిట్లు. దాదీ చూసిన గాడీ అదేనని చెప్పలేను గానీ, దాని మేకుల లెక్క ఇప్పుడు నాకు తెలుసు. తిరిగి రానివాళ్ల లెక్క మా ఖాందాన్‌లో దాదీతోనే పోయింది. పండిట్ సుందర్‌లాల్ కమిటీ రిపోర్టు దశాబ్దాల పాటు తాళం కింద ఉంది. ఒక్కో ఇంటి సందూక్‌కే కాదు, హుకూమత్‌కు కూడా తాళాలుంటాయి.

జీపు

చివరికి నా బిడ్డ అడిగింది: "మరి అబ్దుల్ హమీద్ గాడీ ఏది?"

అల్మారాలో రెండు ప్యాటన్లున్నాయి, జీపు లేదు. ఎవరైనా ఆ లడాయి గురించి చెబితే ప్యాటన్ పేరే ముందు చెబుతారు. ఎదురు నిలబడిన చిన్న గాడీ కిస్సాలో ఉంటుంది, అల్మారాలో ఉండదు. 106 ఎంఎం గన్ ఉన్న అమెరికా జీపు కిట్ తెప్పించాం. హమీద్ జీపుకు నమూనాగా మేం పెట్టుకున్నది 2000 జనవరిలో మన తపాలా శాఖ విడుదల చేసిన మూడు రూపాయల స్టాంపు. అందులో ఆయన ముఖం, పక్కన గన్ ఉన్న జీపు. స్టాంపు కూడా చిన్న సైజులో చేసిన తారీఖే. అమెరికా నక్షత్రాలు అతికించలేదు. మడ్డి ఆకుపచ్చ రంగు వేసి, కింద పొలం మట్టి చల్లి, చీపురు పుల్లలతో చెరకు తోట చేసింది నా బిడ్డ. కొలత సరిగ్గా రాలేదు. చెరకు కాస్త పొట్టిగా ఉంది.

పాత ప్యాటన్‌ను పారేయలేదు. కొత్త పట్టాలు బజారులో దొరుకుతాయి, వేయొచ్చు. నేను వేయలేదు. పట్టా మూడు చోట్ల విరిగినా, అబ్బా కుట్టిన చోట మాత్రం విరగలేదు. నల్లదారం అలాగే ఉంది.

మూడింటినీ హాల్లో, వచ్చినవాళ్లకు మొదట కనపడే చోటే పెట్టాం. ముందు అట్టముక్క మీద నా బిడ్డ తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి రాసింది: "అసల్ ఉత్తర్, 10 సెప్టెంబర్ 1965." పాత ప్యాటన్ ముందు ఏం రాయాలని అడిగింది. అది ఆ లడాయిలో లేదు కదా, అబద్ధం రాయకూడదు కదా అని.

"దర్జీ మాస్టర్ కుట్టిన టాంకు, నిజామాబాద్, 1989 అని రాయి బేటా" అన్నాను.

మీ ఇళ్లలో కూడా ఏదో ఒక సందూక్ ఉండే ఉంటుంది. తెరిచి చూడండి. ఎవరు, ఎందుకు, ఏ రాత్రి తాళం వేశారో ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడగండి. నేను అడగడానికి ఆలస్యమైంది.

ఖుదా హాఫిజ్.